రెండు గంపల మామ్మ

మామ్మ పోయిందన్న సంగతి అమ్మ ఫోన్లో అన్నిటికన్నా చివర చెప్పింది. గ్యాసు బండ ఇంకా రాలేదనీ, నాన్నకి మోకాలు మళ్ళీ పట్టేసిందనీ, పెరట్లో పనసకాయలు కోతులు పాడుచేస్తున్నాయనీ చెప్పి, పెట్టేయబోతూ, "అన్నట్టు, బొంతల మామ్మ పోయిందే, పోయిన సంత రోజున," అంది. నేను "అలాగా" అన్నాను. ఫోన్లో నాకు అంతకన్నా మాట రాదు. ఎదురుగా ఉన్నా రాదు. ఫోన్ పెట్టేసి, మంచం మీద మడతపెట్టి ఉన్న దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఆ రోజు డైరీలో "మామ్మ" అని ఒక మాట రాసి, దాని కింద ఏం రాయాలో తెలియక మూసేశాను. వారం తిరిగాక ఇది రాస్తున్నాను.

ఆవిడ పేరు నాకు తెలియదు. రేషను కార్డు మీద ఏదో ఒకటి ఉండే ఉంటుంది. గూడెంలో వాళ్ళ వాళ్ళ వరసని బట్టి కొందరు అత్తా అనేవారు, కొందరు పిన్నీ అనేవారు. నేను మామ్మా అనేదాన్ని. నాన్న పనిచేసిన ఆశ్రమ పాఠశాల అరకు నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఒక చిన్న గూడేన్ని ఆనుకుని ఉండేది. మా క్వార్టరు వెనక కంచె, కంచె అవతల సోళ్ళ చేను (రాగులని మా వైపు సోళ్ళంటారు), చేను దాటితే మామ్మ ఇల్లు. బడి లేనప్పుడు నేను ఉంటే మా ఇంట్లో ఉండేదాన్ని, లేకపోతే అక్కడ.

మామ్మని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది మూసిన నోరు. ఆవిడ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుని బొంత కుట్టేది. మాట్లాడాలంటే చుట్ట తీయాలి, తీస్తే ఆరిపోతుంది. తీసి మాట్లాడిందంటే అది చెప్పక తప్పని మాటై ఉండేది. నాకు ఆ ఇంట్లో హాయిగా ఉండటానికి కారణం అదే. బాగా చదువుతున్నావా అనీ, ఎందుకలా మూగిదానిలా ఉంటావనీ అక్కడ ఎవరూ అడగరు. గుమ్మం పక్కన వెలుతురులో కూర్చుని బడి లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఆవిడ సూది ఉన్న చేయి చాపితే దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. పని ఆపినప్పుడు సూదిని కొప్పులో గుచ్చుకునేది. ఆ సూది కోసం ఇల్లంతా వెతికిన రోజులూ ఉన్నాయి, కొప్పు తడుముకోవడం మాత్రం ఆవిడకి ఎప్పుడూ ఆఖర్న తట్టేది.

మా వైపు చలికాలంలో దుప్పటి చాలదు. పాత చీరలూ పంచెలూ లుంగీలూ పొరలు పొరలుగా పరిచి, పైన ముక్కలు అతికి, అంచు నుంచి మధ్యకి చుట్లు చుట్లుగా కుట్టుకొస్తే బొంత. చుట్టుపక్కల గూడేలన్నిటికీ బొంతలు కుట్టేది మామ్మే. ఎవరి ఇంట్లో పాత గుడ్డ చిరిగినా అది ఆవిడ దగ్గరికే చేరేది. ప్రతిఫలంగా సోళ్ళో, చిక్కుళ్ళో, ఒక కోడిపిల్లో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు.

ఆ గుడ్డలన్నీ పొయ్యి మీదుగా ఉన్న వెదురు అటక మీద, రెండు పెద్ద గంపల్లో ఉండేవి. కింద పొయ్యి పొగ తగులుతుంటే పురుగు పట్టదని అక్కడ పెట్టింది. అది చాలదన్నట్టు మడత మడతకీ మధ్య పొగాకు రెబ్బ. ఆవిడ కుట్టిన కొత్త బొంత కప్పుకుంటే కొన్నాళ్ళపాటు కట్టెల పొయ్యి ముందు పడుకున్నట్టే ఉండేది. ఒక గంప నిండిపోతే రెండోది పెట్టి ఉంటుందని చిన్నప్పుడు అనుకున్నాను.

అది కాదని నాకు మా నాన్నమ్మ చీర వల్ల తెలిసింది. ఒకసారి అమ్మ ఇంట్లో పాతబట్టలన్నీ ఉతికి మూటగట్టి, మామ్మకి ఇచ్చి రమ్మని పంపింది. మామ్మ మూట విప్పి, ఒక్కొక్క గుడ్డా ఎత్తి నా ముఖం ముందు పట్టుకుని "ఇదెవలిది?" అని అడగడం మొదలుపెట్టింది. నాన్న పంచె. అమ్మ చీర. నా గౌను. తమ్ముడి చొక్కా. చెప్పినదల్లా విని తల ఊపి పక్కన పెడుతోంది. ముదురు నీలం నేత చీర దగ్గర నేను, మా నాన్నమ్మదని చెప్పాను.

"ఉన్నాదా?"

లేదని తల ఊపాను. మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆ చీరని మిగతావాటికి తగలకుండా రెండు వేళ్ళతో ఎత్తి గోడ వైపు పెట్టింది. "మీయమ్మ మరిసిపోనాదేటి?" అంది.

ఆ రోజు నిచ్చెన పట్టుకోమని నన్ను నిలబెట్టి అటకెక్కినప్పుడు చూశాను. గుమ్మం వైపున్న గంప బతికున్నవాళ్ళది. గోడ వైపున్నది పోయినవాళ్ళది. ఒక్కొక్క గంపలో ఇంటికో మూట. ఏ మూట ఏ ఇంటిదో తెలియడానికి ఆ ఇంటివాళ్ళ గుడ్డలోంచే చింపిన పేలికతో కట్టింది. పుట్టిన బిడ్డకి కుట్టే బొంతలోకి గుమ్మం వైపు గంపలోంచే ముక్కలు రావాలి. పోయినవాళ్ళ గుడ్డలతో కుట్టేది వేరు బొంత, అది ఆ ఇంట్లో పెద్దవాళ్ళు కప్పుకోవడానికే. రెండూ ఒక్క దారంలో కలవకూడదు. ఇది వాళ్ళ పెద్దల ఆచారమో, ఆవిడ ఒక్కతీ పెట్టుకున్న కట్టుబాటో నాకు ఇప్పటికీ తెలియదు. పక్క ఊళ్ళలో ఇలా ఉన్నట్టు వినలేదు. మా గూడెంలో మాత్రం అందరూ నమ్మేవారు. బిడ్డ పుడితే మామ్మ బొంత వచ్చేదాకా ఆ బిడ్డని తల్లి చీర కొంగులోనే పడుకోబెట్టేవారు.

కాస్త పెద్దదాన్నయ్యాక, ఎర్రవన్నీ ఒక చోట, పచ్చవన్నీ ఒక చోట పెట్టుకుంటే తీసుకోవడం సులువు కదా అని నెమ్మదిగా అన్నాను. రంగుతో తనకేం పనని, అది ఎలాగూ వెలిసిపోతుందని అంది. మళ్ళీ చుట్ట పెట్టేసుకుంది.

ఇంతా చేస్తే ఆవిడకున్న అసలు పని కుట్టడం కాదు, కబుర్లు తెలుసుకోవడం. పోయిన మనిషి గుడ్డ బతికున్నవాళ్ళ గంపలో ఒక్క పూట ఉన్నా ఆవిడకి పడేది కాదు. అంటే ఎవరు ఎప్పుడు పోయినా వెంటనే తెలియాలి. అందుకని ఎండైనా వానైనా సంతకి వెళ్ళేది. కొనేది ఉప్పూ పొగాకే. మిగతా పొద్దంతా కనిపించిన ప్రతి మనిషినీ ఆపి, మీ అయ్య ఎలా ఉన్నాడు, నీ పెద్దగుంటడు చింతపల్లి కాఫీ తోటకెళ్ళాడు కదా కబురొచ్చిందా, అని పేరుపేరునా అడిగేది. ఆ అడగడంలో ఆప్యాయత ఎంతో, గంప సర్దుకోవాలన్న ఆత్రం ఎంతో చెప్పలేను. ఎండుచేపలు అమ్మడానికి కిందనుంచి వచ్చే ఒకాయన ఆవిణ్ణి చూడగానే, "మా సిత్రగుప్తమ్మ వొచ్చేసింది, ఉన్నోలందరూ పలకండర్రా," అని కేకేసేవాడు. ఒకసారి మామ్మ అతని ముందు ఆగి, చుట్ట తీసి, "నీ లుంగీ ఒకటి ఇచ్చీ నాయనా, నీ పేరూ ఎక్కించీత్తాను," అంది. ఆ తరవాత నుంచి అతను ఆవిడకి తూకం మొగ్గుగా వేసేవాడు.

ఆడపిల్లకి పెళ్ళయితే ఆమె గుడ్డ పుట్టింటి మూటలోంచి అత్తింటి మూటలోకి మారేది. మొగుడితో గొడవపడి వచ్చేస్తే మామ్మ తొందరపడేది కాదు. నాలుగు సంతలు చూసేది. అప్పటికీ వెళ్ళకపోతే, మాట మాట్లాడకుండా మళ్ళీ మూట మార్చేది.

చావు కబురు వస్తే వేరు. ఒకరోజు పొద్దున్న నేను అక్కడ ఉండగానే, కల్లు గీయడానికెక్కిన జీలుగ చెట్టు మీంచి పడి పై గూడెంలో ఒకాయన పోయాడని చెప్పి ఎవరో దారిన వెళ్ళిపోయారు. మామ్మ కుట్టు ఆపింది. ఏడవలేదు. నిచ్చెన వేసుకుని అటకెక్కి, ఈ గంపలో మూట విప్పి, ఒక తువ్వాలు తీసి, ఆ గంపలో పెట్టింది. దిగి, పొయ్యిలో బూడిద గుప్పిట్లోకి తీసుకుని, వీధి వైపు రాయి మీద కూర్చుని చేతులు మోచేతుల దాకా తోముకుని నీళ్ళు పోసుకుంది. పెరటివైపు కాదు, దారిలో పోయేవాళ్ళకి కనబడేలా. అంతా అయ్యాక అప్పుడు గొంతెత్తి ఏడుస్తూ పై గూడేనికి బయల్దేరింది. గూడెంలో అందరికీ ఇది గుర్తు. మామ్మ వీధిరాయి మీద బూడిదతో చేతులు తోముకుంటుంటే, ఎవరు పోయారని ఎదురిళ్ళవాళ్ళు అక్కణ్ణుంచే అడిగేవారు.

ఒక్కసారి ఆవిడ పొరపాటు పడింది. పక్కింటి కొండమ్మ మొగుడు సోమన్నకి కామెర్లు ముదిరితే వైజాగు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అతను పోయాడని ఎవరో జీపులో కబురు మోసుకొచ్చారు. కొండమ్మ ఇంటి ముందు జనం పోగయ్యారు. మామ్మ సోమన్న లుంగీ గంప మార్చేసింది, చేతులు తోమేసుకుంది. సాయంత్రం బండికి సోమన్న తమ్ముడు దిగి, పోయింది పక్క మంచం మనిషని చెప్పాడు. సోమన్న కొన్నాళ్ళకి నడిచి ఇంటికొచ్చి, మామ్మ గుమ్మంలో నిలబడి, "నన్ను సంపీసినావు గదే అత్తా," అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. లుంగీని తెచ్చి అతని చేతిలో పెట్టి, వేరే గుడ్డ తెచ్చి ఇమ్మంది. ఇదే మళ్ళీ పెట్టుకోవచ్చు కదా అని కొండమ్మ అంటే, "అందులోకెల్లింది ఇందులోకి రాదు," అంది. ఆ తరవాత ఎవరు ఏ కబురు తెచ్చినా, పీనుగను చూసినవాళ్ళు వచ్చి చెప్పేదాకా గంప ముట్టేది కాదు.

ఒక చలికాలం పట్నం నుంచి ఎవరో దాతలు జీపు నిండా వాడిన బట్టలు తెచ్చి బడి మైదానంలో పోశారు. అంత మంచి రంగులు మా వైపు ఎవరూ చూడలేదు. ఆడవాళ్ళు పోట్లాడుకుని మరీ ఏరుకున్నారు. మామ్మకి కావాలంటే ఏడాది పాటు కుట్టుకునేంత గుడ్డ. ఆవిడ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఎవరివో తెలియదని, ఉన్నారో లేదో కూడా తెలియదని వెళ్ళిపోబోయింది. అమ్మ బలవంతాన ఒక పూలపూల చీర చేతిలో పెట్టింది. దాన్ని తీసుకెళ్ళి కోళ్ళ గూటి మీద కప్పింది. చాలాకాలం మా గూడెంలో అందరికన్నా షోకుగా ఉండేవి మామ్మ కోళ్ళే.

ఈ రెండు గంపల మధ్య అటక మీద ఒక వెదురు దండెం ఉండేది. దాని మీద ఒకే ఒక లంగా. ఆకుపచ్చది, అంచుకి పసుప్పచ్చ గళ్ళు. అది మామ్మ కూతురిది.

నేను బాగా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వైజాగులో మంచి ఇంట్లో పనికి పెడతానని ఒకావిడ వచ్చి ఆ అమ్మాయిని తీసుకెళ్ళింది. అప్పటికి ఆమెకి పదహారేళ్ళు. నన్ను ఎత్తుకుని కంచె దాటించేదని అమ్మ చెబుతుంది కానీ, నాకు ముఖం గుర్తులేదు. మొదట్లో వచ్చేవాళ్ళ చేత ఒకటి రెండుసార్లు బాగున్నానని కబురు చేసింది. తరవాత లేదు. మామ్మ పాసింజరు ఎక్కి వెతకడానికి వెళ్ళింది. తీసుకెళ్ళినావిడ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయింది. ఇంకోసారి నాన్న కూడా తోడు వెళ్ళి, పోలీసు స్టేషన్లో చెప్పి వచ్చాడు. ఆ ప్రయాణం గురించి నాన్న ఇంట్లో చెప్పింది ఒక్కటే: దారిలో ఎదురైన పనిపిల్లనల్లా ఆపి, గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి చూసిందట.

వేరే ఊరు పనికి పోయి కబురు లేనివాళ్ళ గుడ్డల్ని మామ్మ కొన్నాళ్ళు ఆ దండెం మీద వేసేది. కబురు రాగానే ఈ గంపలోకో ఆ గంపలోకో వెళ్ళిపోయేవి. లంగా మాత్రం అలాగే ఉండిపోయింది. గంపలో లేదు కనక దానికి పొగాకు మడత లేదు. పొయ్యి పొగకి నల్లబడేది. వానలు వెనకబట్టాక ఏడాదికోసారి దాన్ని గెడ్డ నీళ్ళకి తీసుకెళ్ళి ఉతికి, ఆరేసి, మళ్ళీ అక్కడే వేసేది. ఆ పని మాత్రం నాకు ఇచ్చేది కాదు. దాని గురించి నేను అడగలేదు. ఆవిడ కూతురి పేరు ఆ ఇంట్లో నేను ఒక్కసారీ వినలేదు.

నేను ఇంటర్ చదువుతున్న ఏడాది జ్వరాలు బాగా వచ్చాయి. గూడెంలో ఇల్లు తప్పకుండా మనుషులు పడిపోయారు. కొండమ్మ పెద్దకొడుకుకి అప్పటికి ఒక్కడే బిడ్డ, మాటలు వస్తున్న పిల్లాడు. వాడు ఆ జ్వరంలో పోయాడు. వాడి చిన్న చొక్కాని మామ్మ గంప మార్చినప్పుడు నేను నిచ్చెన పట్టుకున్నాను. ఆవిడ పైనే చాలాసేపు ఉండిపోయింది.

ఆ తరవాతే మాటలు మొదలయ్యాయి. ఊరికి మంచిచెడ్డలు చూసి చెప్పే పెద్దని వాళ్ళు దిసారి అంటారు. ఆయన కొండమ్మనీ మరికొందరినీ వెంటబెట్టుకుని మామ్మ ఇంటికొచ్చాడు. కోపంగా రాలేదు. కూర్చుని, నీళ్ళు తాగి, నెమ్మదిగానే చెప్పాడు. పోయిన పిల్లని సాగనంపకుండా ఇన్నేళ్ళు మధ్యలో వేలాడదీసి ఉంచారనీ, అది ఇటు రాలేక అటు పోలేక గూడెం చుట్టూ తిరుగుతోందనీ, జరగవలసిన కార్యం జరిపించి, ఆ గుడ్డని చేరవలసిన చోట చేరిస్తే అందరికీ మంచిదనీ. ఖర్చు గూడెం పెట్టుకుంటుందన్నాడు. మామ్మ కుడుతూనే వింది. ఆయన ముగించాక చుట్ట తీసింది.

"సచ్చిపోనాదని ఎవలు సూసినారు? సూసినోలు రండి. ఇప్పుడే మారుత్తాను."

కొండమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. దిసారి ఇంకాసేపు కూర్చుని, చుట్ట వెలిగించుకోవడానికి నిప్పు అడిగి తీసుకుని, ఆయనా వెళ్ళాడు. ఆ రోజు నుంచి గూడెం మామ్మని వెలేసిందేమీ లేదు. గుడ్డలు ఇస్తూనే ఉన్నారు, సోళ్ళు పెడుతూనే ఉన్నారు. కాకపోతే పిల్లల్ని ఎత్తుకుని ఆ గుమ్మంలో నిలబడటం మానేశారు.

నేను డిగ్రీకి వైజాగు వచ్చాను. సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇంకొంచెం చిన్నగా కనిపించేది. చూపు తగ్గింది. దారం ఎక్కించి పెట్టిన సూదులు ఒక వరసలో చూరుకు గుచ్చి వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే వైజాగు గురించి ఏదో అడగబోతున్నట్టు చుట్ట తీసేది. అడగకుండానే మళ్ళీ పెట్టుకునేది. ఏం అడగదలుచుకుందో నాకు తెలుసు. తెలిసినా, ఆ ఊరి వీధుల్లో నేనూ ఆవిడ పోలిక ఉన్న ముఖం కోసం చూస్తున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

డిగ్రీ ఆఖరి ఏడాది సంక్రాంతి వెళ్ళాక కొండమ్మ కోడలికి మళ్ళీ మగపిల్లాడు పుట్టాడు. మామ్మ బొంత మొదలుపెట్టింది. నేను పరీక్షలకి చదువుకోవడానికి ఇంటికి వచ్చి ఉన్నాను. ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆవిడ ముందు సోమన్న లుంగీ ముక్కలు, కొండమ్మ చీర ముక్కలు, నా చిన్నప్పటి గౌనుది ఒక ముక్క పరిచి ఉన్నాయి. మధ్యలో అరచేయంత జాగా వదిలింది. ఒళ్ళో ఆకుపచ్చ లంగా ఉంది. కత్తెర అప్పటికే నడిచింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆవిడ తలెత్తి నన్ను చూసి, "బతికున్నోల గుడ్డే గదా," అంది. అడిగినట్టు కాదు, చెప్పినట్టు. నేను లోపలికి వచ్చి కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చాను. ఆ ముక్కని మధ్యలో పెట్టి ఆవిడ ఎంత దగ్గర దగ్గరగా కుట్టిందంటే, ఆ కుట్టు విప్పాలనుకునేవాళ్ళకి గుడ్డ చిరగాల్సిందే అనిపించింది. తన పిల్ల బతికే ఉందని ఆవిడ ఊరందరికీ చెప్పదలుచుకుందనీ, పుట్టిన బిడ్డ మీద పరిచి చెప్పదలుచుకుందనీ ఆ కుట్టు చూస్తుంటే నాకు అర్థమైంది.

బొంత ఆవిడే తీసుకెళ్ళి ఇచ్చింది. కొండమ్మ దాన్ని అందుకుని, విప్పి, పదిమందిలో పైకెత్తి చూసింది. ఆ ఆకుపచ్చని గుర్తుపట్టనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అందరూ చూశారు. కొండమ్మ బొంత మడిచి చూరు కింద పెట్టింది. మామ్మకి పీట వేసింది, అన్నం పెట్టింది. బిడ్డని మాత్రం కొంగులోనే పడుకోబెట్టి ఉంచారు.

మర్నాడు పొద్దున్న నేను అక్కడ ఉండగా కొండమ్మ వచ్చింది. బొంత ఆమె చంకలో ఉంది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర చతికిలబడింది.

"కోపమొద్దే అత్తా. ఒకడ్ని పోగొట్టుకున్నాను. నాకు బయమేత్తంది," అంది. చంకలో బొంత ముందుకు తీసి, "నీ గుంట ఉంటే ఉండనీ. ఎక్కడో సల్లగా ఉండనీ. నా గుంటడి మీద వొద్దు," అంది.

మామ్మ చేయి చాపి బొంత తీసుకుంది. కొండమ్మ లేచి వెళ్ళిపోయేటప్పుడు ఆవిడ మోకాలిని ఒకసారి ముట్టుకుని వెళ్ళింది.

మామ్మ విప్పడం మొదలుపెట్టింది. సూది మొనతో ఒక్కొక్క కుట్టూ ఎత్తి, తెంపి, దారం లాగి పక్కన పెడుతూ. చూపు ఆనక వేలితో తడుముకుంటూ తీసింది. నేను తీస్తానని చేయి చాపితే వద్దని తోసింది. మధ్యాహ్నానికి ముక్క ఊడి వచ్చింది. గుడ్డ చిరగలేదు కానీ చుట్టూ సూది కన్నాలు జల్లెడలా ఉన్నాయి. బొంత మధ్యలో జాగా మళ్ళీ ఖాళీ అయింది.

"నీది ఒకటి ఇయ్యి గుంటా," అంది.

నేను ఇంటికి పరిగెత్తి, ఆ మధ్య దాకా కట్టుకున్న ఓణీ ఒకటి తెచ్చి ఇచ్చాను. దాన్ని ఆ చోట కుట్టింది. ఈసారి కుట్లు మామూలుగా, ఎప్పుడూ పడేంత దూరంలో పడ్డాయి. బొంత నా చేతికిచ్చి కొండమ్మకి ఇచ్చి రమ్మంది. ఇచ్చి వచ్చాను. కొండమ్మ అటూ ఇటూ తిప్పి చూసి బిడ్డకి చుట్టింది.

నేను తిరిగి వచ్చేసరికి నిచ్చెన వేసి ఉంది. మామ్మ అటక మీద ఉంది. కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. దండెం మీద ఉన్న లంగా మిగతా భాగం తీసింది. సూది కన్నాల ముక్కని అందులో పెట్టి మడిచింది. మడతలోకి పొగాకు రెబ్బ పెట్టింది. గోడ వైపు గంప మూత ఎత్తిన చప్పుడు నాకు వినిపించింది. "వొద్దు మామ్మా" అన్నాననుకుంటాను. అన్నానో, అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

దిగి, పొయ్యిలోంచి బూడిద తీసుకుని వీధిరాయి మీద కూర్చుంది. చేతులు మోచేతుల దాకా తోముకుంది. దారిలో కట్టెల మోపుతో వస్తున్న ఒకామె ఎవరు పోయారని అలవాటుగా అడిగి, మామ్మ ముఖం చూసి మోపు కింద పడేసింది. సంగతి ఇంటింటికీ వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇన్నేళ్ళుగా మార్చు మార్చు అన్నవాళ్ళందరూ ఒక్కొక్కళ్ళే వచ్చి మామ్మ చుట్టూ నేల మీద కూర్చున్నారు. దిసారి వచ్చి దూరంగా నిలబడ్డాడు. అందరికన్నా ముందు గొంతెత్తింది కొండమ్మ. నేను ఆ ఇంట్లో ఎన్నడూ వినని పేరు ఆమె ఏడుపులో విన్నాను. పదహారేళ్ళ పడుచుదానివే, పసుపు తాడు ఎరగనిదానివే, లంగా చిరగనిదానివే అంటూ, వయసు రాకుండా పోయిన పిల్లలకి ఏడ్చే ఏడుపు ఏడుస్తోంది. మిగతావాళ్ళు అందుకున్నారు.

మామ్మ ఏడవలేదు. తడిచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కాసేపు వింది.

"పదారేటే?" అంది కొండమ్మతో. "దానికిప్పుడు ముప్పై కావొత్తన్నాయి."

ఏడుపు ఆగిపోయింది. కొండమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది, మామ్మ వైపు చూసింది. తరవాత మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, ఈసారి ముప్పై ఏళ్ళ మనిషి పోతే ఏడ్చే ఏడుపు. "ఓ నా తల్లో, పొయ్యి మీద కుండ ఎవలు దింపుతారే, నీ మొగుడికి అన్నమెవలు పెడతారే, నీ పిల్లల్నెవలికి ఒగ్గీసినావే."

అప్పుడు మామ్మ ఏడ్చింది.